ఏరియేటర్ గేర్‌బాక్సుకు కొత్త హౌసింగ్: భీమవరం దగ్గరి ఒక వర్క్‌షాపు పనితనం

ఆకివీడుకు దక్షిణాన, ఉప్పుటేరుకు దగ్గరలో మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. వాటి మీద రెండు హార్స్‌పవర్ మోటారుతో నడిచే నాలుగు చక్రాల ఏరియేటర్లు (రెక్కలతో నీటిని చిమ్మి గాలి కలిపే యంత్రాలు) పది తిరుగుతున్నాయి. కొత్త హౌసింగులు వేయకముందు మూడు పంటల్లో వాటిలో ఐదు పంట మధ్యలోనే ఆగిపోయాయి. ఆగిన ప్రతిసారీ గేర్లు మార్చాము, బేరింగులు మార్చాము, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు మార్చాము. మళ్లీ మూడు నాలుగు నెలలు తిరక్కముందే అదే మోత, అదే ఆయిల్ కారడం. చివరికి భీమవరం నుంచి ఉండి వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న వర్క్‌షాపులో మోటారు వేగాన్ని తగ్గించి రెక్కలకు ఇచ్చే ఈ గేర్‌బాక్సులకు హౌసింగులనే (గేర్లనూ బేరింగులనూ పట్టి ఉంచే బయటి పెట్టెలనే) కొత్తగా డిజైను చేయించి, పోత పోయించి, బిగించుకున్నాము. ఆ పని ఎలా జరిగిందో, ఎక్కడ బాగుందో, ఎక్కడ తడబడిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. యజమాని ఇప్పటికే చేతినిండా పనితో ఉన్నారు. పేరు రాయవద్దని ఆయనే కోరారు కనుక రాయడం లేదు. ఆ దారిలో తిరిగే రైతులు మాత్రం సులువుగానే పోల్చుకుంటారు.

వనామీ రొయ్యల సాగు చేసేవారికి ఏరియేటర్ ఆగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చెరువులోని నాచుజీవులు పగలు ప్రాణవాయువును ఇస్తాయి, రాత్రి అవే దాన్ని పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ప్రాణవాయువు) అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. నాలుగు పీపీఎం (లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములు) కంటే కిందికి జారకుండా చూసుకోవాల్సిన ఆ గంటల్లో ఒక గేర్‌బాక్సు బిగుసుకుపోతే, మూడు నెలల మేత ఖర్చు నీటి పాలవుతుంది. ఇంత ముఖ్యమైన యంత్రంలో మేము ఎవరమూ కన్నెత్తి చూడని భాగం హౌసింగే. నేను డిప్లొమా చదివి, పదకొండేళ్లు ఒక చక్కెర మిల్లులో మెయింటెనెన్సు విభాగంలో పని చేసి వచ్చినవాడినే అయినా, హౌసింగును ఆయిల్ పోసుకునే డబ్బాగానే చూశానని ఒప్పుకోవాలి.

వర్క్‌షాపులో మొదటి రోజు జరిగిన పరీక్షే నాకు వారి మీద గురి కుదిర్చింది. పాడైన హౌసింగును తీసుకెళ్లి బల్ల మీద పెట్టగానే యజమాని ధర మాట్లాడలేదు. లోపలి బేరింగు గూళ్లను కిరోసిన్‌తో శుభ్రం చేయించి, రంధ్రం లోపలి కొలత తీసే బోర్ గేజి పెట్టి రెండు దిక్కులా కొలిచారు. 72 మిల్లీమీటర్లు ఉండవలసిన గూడు ఒక దిక్కున 0.11 మిల్లీమీటర్లు సాగి, కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. తరువాత తిరుగుడు దిక్కును మళ్లించే బెవెల్ గేరు పళ్లకు నీలిరంగు పూసి చేత్తో తిప్పి చూపించారు. రంగు పంటి నడుమ తగలవలసింది, వెలుపలి కొసన సన్నని చారలా తగిలింది. “పళ్లది తప్పు కాదండి మాస్టారూ, పెట్టెది. పెట్టె వంగుతుంటే పళ్లు ఎన్ని మార్చినా కొసలే తింటాయండి,” అన్నారు. మూడు పంటల పాటు నేను తప్పు భాగానికి డబ్బు పోశానని అప్పుడు అర్థమైంది.

లెక్కలు వారు నా ఎదుటే వేశారు. మోటారు ఒకటిన్నర కిలోవాట్లు, నిమిషానికి 1440 చుట్లు. మొదటి మెట్టులో ఏటవాలు పళ్ల హెలికల్ గేర్లు, రెండో మెట్టులో బెవెల్ గేర్లు కలిసి 14 రెట్లు తగ్గిస్తే రెక్కల షాఫ్టు 103 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో షాఫ్టు మీద పడే మెలి బలం సుమారు 139 న్యూటన్ మీటర్లు. నిలిచిన నీటిలో రెక్కలు మొదటిసారి కదిలేటప్పుడు పడే దెబ్బ, రాత్రంతా ఆగకుండా నడవడం, ఏరియేటరును మోసే తెప్ప గాలికి ఊగడం దృష్టిలో పెట్టుకుని దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 208 న్యూటన్ మీటర్లు తీసుకున్నారు. ఈ బలం గేర్ల దగ్గర ఆగదు. బేరింగుల గుండా హౌసింగు గోడలకు, గోడల నుంచి కాళ్లకు, కాళ్ల నుంచి తెప్ప ఫ్రేముకు చేరుతుంది. ఆ దారిలో ఎక్కడ మెత్తదనం ఉంటే అక్కడ వంపు వస్తుంది, ఆ వంపు తిరిగి పళ్ల దగ్గరే బయటపడుతుంది.

మా పాత హౌసింగులో ఆ మెత్తదనం ప్రధానంగా పినియన్ (జతలోని చిన్న గేరు) షాఫ్టు దగ్గర ఉంది. బెవెల్ పినియన్ బేరింగుల అవతలికి పొడుచుకు వచ్చి, ఒంటి చేతి మీద వేలాడినట్టు నిలబడుతుంది. వేలాడే పొడవుకు కనీసం రెండున్నర రెట్లు ఎడంగా రెండు బేరింగులూ ఉండాలన్నది డిజైనులో అందరూ పాటించే నియమం. మా పినియన్ 28 మిల్లీమీటర్లు వేలాడుతుంటే బేరింగుల ఎడం 45 మాత్రమే ఉంది. కొత్త డిజైనులో దాన్ని 70కి పెంచారు. ఆ ఒక్క మార్పు వల్లే హౌసింగు ఎత్తు పెరిగింది, మోటారు కాస్త పైకి వెళ్లింది, షాఫ్టు కొత్తగా చేయించవలసి వచ్చింది. హౌసింగు కొలతలు బయటి నుంచి లోపలికి రావని, బేరింగులు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకున్నాక వాటి చుట్టూ గోడ అల్లుకుంటూ బయటికి రావాలని చదువుకున్న రోజుల్లో విన్న మాట ఇన్నేళ్లకు కళ్లారా చూశాను.

గోడ మందం విషయంలో వారు చూపిన వివేకం నాకు బాగా నచ్చింది. రెండు మెట్ల గేర్‌బాక్సులకు డిజైను పుస్తకాల్లో ఒక సూత్రం ఉంది: సెంటర్ దూరాన్ని (జత గేర్ల నడిమిల మధ్య ఎడాన్ని, మిల్లీమీటర్లలో) 0.025తో గుణించి మూడు కలపాలి, వచ్చింది ఎనిమిది మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఎనిమిదే తీసుకోవాలి. మా సెంటర్ దూరం 80 కనుక సూత్రం ఐదు మిల్లీమీటర్లే ఇస్తుంది. అందువల్ల ఎనిమిది ఖాయమైంది. పాత గోడ నాలుగున్నర మిల్లీమీటర్లు. వంపును తట్టుకునే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే లోహంలో నాలుగున్నర నుంచి ఎనిమిదికి వెళ్తే గోడ ఐదున్నర రెట్లు గట్టిపడుతుంది. బేరింగు గూళ్ల నుంచి కాళ్ల దాకా ఆరున్నర మిల్లీమీటర్ల పక్కటెముకలు అదనంగా ఇచ్చారు. అవే పుస్తకాల్లో కాళ్ల బోల్టులకు ఉన్న సూత్రాన్ని పట్టుకుంటే 16 మిల్లీమీటర్ల బోల్టు వస్తుంది. దాన్ని మాత్రం వారు పక్కన పెట్టారు. 208 న్యూటన్ మీటర్ల మెలిని 180 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న కాళ్లు ఆపాలంటే ఒక్కో వైపున పడే లాగుడు సుమారు 118 కిలోల బరువుతో సమానం. దానికి పది మిల్లీమీటర్ల బోల్టులు రెండేసి ఉంటే కావలసినంత కంటే ఎక్కువే. సూత్రాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ నేరుగా బలం లెక్కే చూసుకోవాలో తెలిసినవారు చిన్న వర్క్‌షాపుల్లో అరుదుగా కనిపిస్తారు.

లోహం ఎంపిక మీద రెండు రోజులు మాట్లాడుకున్నాము. నేను పోత ఇనుము కావాలన్నాను. దృఢత్వంలో అది అల్యూమినియం కంటే ఒకటిన్నర రెట్లు మేలు. కానీ బరువు రెండున్నర రెట్లకు పైనే, పైగా ఉప్పునీటి తుంపరకు పెయింటు ఎక్కడ లేచినా తుప్పు మొదలవుతుంది. వారు ఎల్‌ఎం 6 అనే అల్యూమినియం మిశ్రమాన్ని సూచించారు. అందులో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది, పోతలో మూలమూలకూ బాగా పారుతుంది, సముద్రపు గాలికి బాగా నిలుస్తుంది. అయితే అల్యూమినియంతో ఒక చిక్కుంది. వేడికి అది ఉక్కు బేరింగు కంటే ఎక్కువ సాగుతుంది. 72 మిల్లీమీటర్ల గూడు చల్లగా ఉన్నప్పటికంటే 40 డిగ్రీలు వేడెక్కితే, బేరింగుకూ గూడుకూ మధ్య సుమారు 23 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడా వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా కూర్చున్న బేరింగు వేడిలో వదులవుతుంది, దాని బయటి రింగు గూట్లో మెల్లగా తిరుగుతూ మెత్తని లోహాన్ని తినేస్తుంది. మా పాత గూడు సాగింది ఇలాగే.

దీనికి వారు వేసిన ఉపాయం ఈ పనిలో అన్నిటికంటే మెచ్చుకోదగినది. ప్రతి గూట్లోనూ పోత ఇనుప కంకణం ఒకటి కూర్చారు. కంకణం బయటి కొలత 86 మిల్లీమీటర్లు. గూడును దానికంటే 0.09 మిల్లీమీటర్లు తక్కువగా కోసి, హౌసింగును 180 డిగ్రీల దాకా వేడి చేసి, అది సాగినప్పుడు చల్లని కంకణాన్ని దింపారు. చల్లారాక అది బండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్టు, కాకపోతే లోపలి వైపు నుంచి, పట్టుకుపోయింది. నడకలో వచ్చే వేడికి ఈ బిగుతులో 30 మైక్రాన్ల వరకు తగ్గినా మిగిలినది చాలు. బేరింగు కూర్చునే లోపలి కొలతను కంకణం దింపిన తరువాతే, ఎదురెదురు గూళ్లు రెండింటినీ ఒకే బిగింపులో బోరింగ్ మిషను మీద కోశారు. విడివిడిగా కోసి తరువాత జతచేస్తే ఎంత జాగ్రత్తపడినా రెండు గూళ్లూ ఒకే గీతలోకి రావు.

ఇక నీరు లోపలికి వెళ్లడం గురించి. డెల్టాలో ఏరియేటర్ గేర్‌బాక్సు తెరిచి చూసిన ప్రతి రైతుకూ మజ్జిగలా తెల్లబడిన ఆయిల్ పరిచయమే. సీలు నాసిరకం అని అందరమూ సీళ్ల మీద నెపం వేస్తాము. ఇక్కడ వారు ఇచ్చిన వివరణ నాకు కొత్త కాదు గాని, నా చెరువుకు దాన్ని అన్వయించుకోవాలని ఎప్పుడూ తోచలేదు. నడుస్తున్నప్పుడు ఆయిల్, దాని మీది గాలి 65 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. మోటారు ఆపగానే రెక్కలు చిమ్మిన నీటితో తడిసిన హౌసింగు త్వరగా 28 డిగ్రీలకు చల్లారుతుంది. లోపల ఒక లీటరు గాలి ఉందనుకుంటే అది పదకొండు శాతం కుంచించుకుపోతుంది. అంటే ఒక చిన్న టీ గ్లాసు పట్టేంత గాలిని పెట్టె బయటి నుంచి పీల్చుకోవాలి. గాలి రాకపోకలకు ఉంచే ఊపిరి రంధ్రం బురదతోనో ఉప్పుతోనో మూసుకుపోయి ఉంటే, ఒక మీటరు లోతు నీటి ఒత్తిడికి సమానమైన పీల్పు సీలు పెదవి మీద పడుతుంది. ఆ పెదవి మీద అప్పటికి ఉన్నది ఉప్పునీరే. సీలు ఎంత మంచిదైనా రోజూ ఈ పీల్పుకు ఎన్నాళ్లు ఆగుతుంది?

పాత హౌసింగులో ఊపిరి రంధ్రం మూత మీద, రెక్కల తుంపర నేరుగా పడేచోట, ఒక చిన్న బోల్టు తలలో ఉండేది. కొత్తదానిలో దాన్ని మోటారు నీడకు జరిపి, అరచేయి పొడవు గొట్టం పైకి లేపి, కొసను కిందికి వంచారు. ఆయిల్ చిమ్మి గొట్టంలోకి రాకుండా లోపల ఒక చిన్న పలక అడ్డం ఇచ్చారు. షాఫ్టు దగ్గర ఒక సీలుకు బదులు రెండు పెట్టి, నడుమ గ్రీజు నింపుకునే ఖాళీ ఉంచారు. ఆయిల్ పరిమాణాన్ని కిలోవాటుకు 0.35 నుంచి 0.7 లీటర్ల లెక్కన చూసి 0.9 లీటర్లు పట్టేలా అడుగును పెంచారు; గేరు పంటి కొసకూ అడుగుకూ మధ్య 30 మిల్లీమీటర్లు వదలడం వల్ల అరిగిన పొడి కింద కదలకుండా ఉంటుంది. అడుగు కాస్త వాలుగా ఉండి, డ్రెయిన్ ప్లగ్గు అతి పల్లపు చోట ఉంది. చిన్న విషయమే గాని, పాతదానిలో ప్లగ్గు విప్పినా అరగ్లాసు ఆయిల్ లోపలే మిగిలిపోయేది.

వేడి గురించి నాకు భయం ఉండేది, లెక్క చూశాక పోయింది. ఒకటిన్నర కిలోవాట్లలో ఆరు శాతం నష్టం అంటే 90 వాట్లు. 0.2 చదరపు మీటర్ల ఉపరితలం నుంచి అది పోవాలంటే బయటి గాలి కంటే సుమారు 30 డిగ్రీలు ఎక్కువైతే చాలు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో కూడా చిక్కదనంలో 220 గ్రేడు ఆయిల్‌కు అది పెద్ద కష్టం కాదు.

ఇసుకలో పోత అచ్చు తీయడానికి వాడే నమూనా, అంటే పేట్రన్‌ను టేకుతో చేసినది తాళ్లరేవు వైపు పడవలు కట్టే వడ్రంగుల కుటుంబం నుంచి వచ్చిన పనివాడు. చల్లారేటప్పుడు ఈ మిశ్రమం సుమారు 1.3 శాతం కుంచించుకుపోతుంది కనుక ప్రతి కొలతనూ అంత పెంచి, మిషను కోతకు మూడు మిల్లీమీటర్లు వదిలి, ఇసుక నుంచి పేట్రన్ సులువుగా లేవడానికి రెండు డిగ్రీల వాలు ఇచ్చి చెక్కాడు. పోత రాజమహేంద్రవరంలో పోయించారు. వచ్చిన ప్రతి పోతకూ బయట సుద్ద పూసి, లోపల కిరోసిన్ నింపి రాత్రంతా ఉంచారు. తెల్లవారి సుద్ద మీద తడి మరక కనిపించిన ఒక పోతను మా ముందే పక్కన పడేశారు.

తప్పు జరగకపోలేదు. మొదట ఒక్క నమూనానే చేసి, చెరువులో నడిపి చూశాకే మిగతావి పోస్తామని వారు పట్టుబట్టారు. అది మంచిదైంది. ఆయిల్ కోసం అడుగును పెంచినప్పుడు కాళ్లు కూడా కిందికి జరిగాయి. ఫలితంగా రెక్కల షాఫ్టు పాతదానికంటే 12 మిల్లీమీటర్లు పైకి లేచింది. రెక్కలు నీటిలో మునిగేదే సుమారు నాలుగు అంగుళాలు. అందులో అర అంగుళం తగ్గేసరికి మోటారు 3.3 ఆంపియర్లు తీసుకోవలసింది 2.7 దగ్గరే ఆగింది, చిమ్మే నీరూ పలచబడింది. కాలి అడుగు నుంచి షాఫ్టు నడిమి దాకా ఉండే ఎత్తు ఏరియేటర్ హౌసింగులో మొదట రాసుకుని, చివరిదాకా ముట్టుకోకూడని కొలత. గేర్ల విషయంలో అంత శ్రద్ధ పెట్టినవారు దీన్ని వదిలేయడం నాకు బాధ కలిగించింది. వారు వాదించలేదు, కాళ్లను అడుగు నుంచి కాకుండా పక్క గోడల నుంచి వచ్చేలా పేట్రన్ మార్చి, ఆ ఖర్చు తామే పెట్టుకున్నారు. కానీ ఐదు వారాలన్న పని తొమ్మిది వారాలైంది. మేము పంట తీసి చెరువులు ఎండగట్టుకున్న సమయం కాబట్టి సరిపోయింది, రొయ్య పిల్ల వదిలిన తరువాతైతే ఇబ్బందిపడేవాళ్లం.

ఇంకో రెండు అసంతృప్తులు ఉన్నాయి. డ్రాయింగు అడిగితే మొదట ఇవ్వలేదు. రెండుసార్లు వెళ్లి అడిగాక చేత్తో గీసిన ఒక కాగితం ఇచ్చారు. అందులో టోలరెన్సులన్నీ (ఏ కొలతలో ఎంత తేడా చెల్లుతుందో) ఉన్నాయి, గీత శుభ్రంగా ఉంది, అయినా డబ్బు చెల్లించిన వారికి అది పనితోపాటే అందాలి. రెండోది, మూతనూ అడుగునూ జతగా బిగించి కోస్తారు కనుక ఒకదాని మూత మరొకదానికి పనికిరాదని వారు గట్టిగా చెప్పలేదు. జత నంబర్లు గుద్దారు గాని చాలా చిన్న అక్షరాల్లో గుద్దారు. మా కుర్రవాడు కడిగేటప్పుడు రెండు మూతలు తారుమారు చేశాడు. వారం రోజులు ఒక ఏరియేటర్ సన్నగా ఈల వేసింది. ఇప్పుడు నంబర్ల మీద మేమే ఎర్రరంగు వేసుకున్నాము.

స్టెయిన్‌లెస్ బోల్టులు అల్యూమినియంను తాకినచోట ఉప్పునీటిలో తెల్లటి పొడి రాలి లోహం గుంటలు పడుతుంది. వారు నైలాన్ వాషర్లు, తొడుగులు ఇచ్చారు, మరలకు పేస్టు పూశారు. ఒక పంట పూర్తయ్యాక విప్పి చూస్తే తొడుగులు ఉన్నచోట పొడి లేదు. ఒక కాలికి తొడుగు నలిగినచోట మాత్రం కొంచెం కనిపించింది. ఆయిల్ పది బాక్సుల్లో తొమ్మిదింటిలో తేనెరంగులోనే ఉంది. పదోదానిలో మేమే ఊపిరి గొట్టాన్ని తాడుతో కట్టి కొసను పైకి తిప్పేశాము, వర్షపు నీరు దిగింది. నీలిరంగు పరీక్ష మళ్లీ చేయిస్తే మచ్చ పంటి నడుమనే ఉంది.

ఖర్చు విషయానికి వస్తే, పేట్రన్‌కు 16,000 రూపాయలు, కోత, కంకణాలు, సీళ్లతో కలిపి ఒక్కో హౌసింగుకు 5,400 అయ్యాయి. పదింటికి పంచుకుంటే ఒక్కోటి ఏడు వేలు పడింది; పినియన్ షాఫ్టులు దీనికి అదనం. ఒకటి రెండు ఏరియేటర్లు ఉన్నవారికి ఇది గిట్టుబాటు కాదు, వారు కొత్త గేర్‌బాక్సు కొనుక్కోవడమే మేలు. ఒకే రకం ఏరియేటర్లు ఉన్న నలుగురు రైతులు కలిసి ఒక పేట్రన్ చేయించుకుంటే మాత్రం లెక్క బాగా కుదురుతుంది. పేట్రన్ వారి దగ్గరే ఉంటుంది గాని అది మనదేనని కాగితం మీద రాయించుకోవడం మంచిది, నేను రాయించుకున్నాను.

వెళ్లేవారు ఒట్టి హౌసింగు తీసుకెళ్లవద్దు. మోటారు, రెండు షాఫ్టులు, రబ్బరు కప్లింగుతో సహా మొత్తం బాక్సు తీసుకెళ్లాలి. బయలుదేరే ముందు తెప్పను నీటి మీదే ఉంచి, నీటిమట్టం నుంచి షాఫ్టు నడిమి దాకా ఎంత ఎత్తుందో, మోటారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో కొలిచి రాసుకుని, ఆ కాగితాన్ని మొదటి రోజే వారి చేతిలో పెట్టాలి. పని ఒప్పుకునే సమయం ఎప్పుడూ పంట తీసిన వారంలోనే పెట్టుకోవాలి, వారు చెప్పిన గడువుకు నెల కలుపుకోవాలి.

ప్రస్తుతం పది ఏరియేటర్లూ రెండో పంట మీద ఉన్నాయి. పక్క చెరువు వారివి ఆరు హౌసింగులు అదే పేట్రన్‌తో పోతకు వెళ్లాయి. జత నంబర్లు ఈసారి అర అంగుళం ఎత్తున గుద్దుతామని వారు మాట ఇచ్చారు.